గర్భసంచి తీసేయమని వచ్చిన ఆవిడ: నవ, తెల్లబట్ట, ఒక షుగరు మాత్ర

"గర్భసంచి తీసేయండి మేడమ్, పీడ పోతుంది."

కుర్చీలో కూర్చోకముందే ఆమె అన్న మాట ఇది. చేతిలో స్కానింగ్ ఫైలు, వెనకాల ఇంటర్ చదివే కూతురు. వయసు 43, ముగ్గురు పిల్లలు, మూడో కాన్పు తర్వాత ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, అయిపోయింది. తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు భర్తతో కలిసి టిఫిన్ బండి నడుపుతుంది. తెల్లవారి నాలుగుకి లేచి ఇడ్లీ పాత్ర ఆవిరి దగ్గర నిలబడితే మళ్ళీ ఇల్లు చేరేది మధ్యాహ్నం పన్నెండుకి. ఈ కేసు రాస్తానని చెప్పి ఆమెను అడిగాను, "పేరు రాయకుంటే రాసుకోండి" అంది. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ముందుగా నా తప్పు చెప్పేస్తాను, ఎందుకంటే ఈ కేసు అక్కడే మొదలైంది. ఆమె ఏప్రిల్‌లో ఇలా వచ్చింది కానీ జనవరిలోనే ఒకసారి నా దగ్గరికి వచ్చి వెళ్ళింది. సంక్రాంతి ముందు వారం, ఓపీ కిటకిటలాడుతోంది, ఆమె తల దించుకుని "తెల్లబట్ట అవుతా ఉంది మేడమ్, నవ" అంది, నేను తల కూడా సరిగ్గా ఎత్తకుండా ఫంగస్‌కి వాడే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు ఆరు రాసిచ్చి పంపేశాను. టేబుల్ మీద పడుకోబెట్టి చూడలేదు. వేరే ఏం మందులు వాడుతున్నావని అడగలేదు. రెండు నిమిషాలు పట్టి ఉండదు. ఆ చీటీ ఇప్పటికీ ఆమె ఫైల్లో పైనే ఉంది, నా చేతిరాతతోనే.

ఇక్కడ ఒక మాట. తెల్లబట్ట అనేది జబ్బు పేరు కాదు. మన దగ్గర ఆడవాళ్ళు డాక్టర్‌తో ఆ ఒక్క మాట చెప్పడానికే నెలలు తీసుకుంటారు, చెప్పాక అంతా చెప్పేసినట్టే అనుకుంటారు, వినే డాక్టరూ అంతా విన్నట్టే అనుకుంటాడు. ఆ మాట వెనక ఈస్టు అనే ఫంగస్ ఉండొచ్చు, బ్యాక్టీరియా ఉండొచ్చు, ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి ఉండొచ్చు, గర్భాశయ ముఖద్వారం దగ్గర పుండో క్యాన్సరో ఉండొచ్చు, చాలాసార్లు అసలు ఏ జబ్బూ ఉండకపోవచ్చు కూడా.

జనవరి తర్వాత ఏమైందో ఏప్రిల్‌లో కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. నా మందులకి నాలుగు రోజులు కొంచెం నెమ్మదించి మళ్ళీ మొదలైంది. మళ్ళీ నా దగ్గరికి రావడానికి మొహమాటం, పైగా బండి వదిలి రావాలంటే ఒకరోజు వ్యాపారం పోతుంది. మెడికల్ షాపులో అడిగితే నాలుగు మాత్రల కిట్ ఇచ్చారు. ఈ కిట్ తెలియని గైనకాలజిస్టు ఉండరు: ఒక ఫ్లూకోనజోల్, ఒక గ్రాము అజిత్రోమైసిన్, ఒక్కో గ్రాము సెక్నిడజోల్ రెండు. ఫంగస్‌కీ బ్యాక్టీరియాకీ పరాన్నజీవికీ అన్నిటికీ కలిపి ఒకటే దెబ్బ అన్నమాట. ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి మింగింది. తగ్గకపోగా పెరిగింది. పెరగడంలో వింతేం లేదు, యాంటీబయాటిక్ పడితే లోపల కాపలా ఉండే మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది, ఫంగస్‌కి తలుపు బార్లా తీసినట్టే.

మధ్యలో మొక్కు తీర్చుకోవాలని అలిపిరి మెట్లెక్కింది. 3,550 మెట్లు ఏటా ఎక్కే మనిషే. ఈసారి గాలిగోపురం చేరేసరికి తొడల మధ్య ఒరుసుకుని మంట, చెమట తగిలితే ఉప్పు రాసినట్టు ఉందట. అక్కడ కూర్చుని ఏడ్చింది. భర్తకి మోకాళ్ళ నొప్పులని చెప్పింది. పెళ్ళయి ఇరవై మూడేళ్ళు, "ఆయనకి ఇట్లాంటివి ఏం చెప్పేది మేడమ్" అంటుంది.

ఆ తర్వాత ఎవరో చెబితే ఇంకో చోటికి వెళ్ళింది. అక్కడ స్కానింగ్ తీసి గర్భసంచి కొంచెం పెద్దదిగా ఉంది, వాచింది, పిల్లలు కూడా అయిపోయారు కదా తీయించుకుంటే మంచిది, వదిలేస్తే క్యాన్సర్ కావచ్చు అన్నారు. ఆమె వదినకి 34 ఏళ్ళకే ఇదే తెల్లబట్ట కోసం ఆపరేషన్ చేశారు. "వదిన ఇప్పుడు నిమ్మళంగా ఉంది" అని ఈమె నమ్మకం. వదినకి అండాశయాలు కూడా తీసేశారని, ఆ తర్వాతే ఒళ్ళంతా సెగలు, కీళ్ళ నొప్పులు మొదలయ్యాయని నేను అడిగితే గానీ చెప్పలేదు. ఆ రెండిటినీ ఆమె ఎప్పుడూ కలిపి చూసుకోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంటుంది. ఇందులో తెల్లబట్ట భయంతో జరిగినవి ఎన్నో లెక్క తీస్తే బాగుండు అనిపిస్తుంది నాకు.

స్కానింగ్ చూశాను. గర్భసంచి పొడవు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. ముగ్గురిని కన్న మనిషికి అది పెద్ద విశేషం కాదు. గడ్డల్లేవు. నెలసరి ఇరవై ఎనిమిది రోజులకి వస్తుంది, నాలుగు రోజులు, ఎక్కువ పోవడం లేదు, మధ్యలో మరకలు లేవు, కలయిక తర్వాత రక్తం లేదు. తీసేయడానికి ఒక్క కారణం కనపడలేదు. ఇంకో సంగతి, ఆమె బాధ ఉన్నది యోనిలో, దాని బయట చర్మం మీద. గర్భసంచి తీసినా యోని అక్కడే ఉంటుంది, అందులో ఫంగస్ కూడా అక్కడే ఉంటుంది. ఈ మాట చెప్పేసరికి కూతురు ఠక్కున "మరి ఎందుకు తీయమన్నారు?" అంది. నేను ఏమీ అనలేదు.

ఈసారి టేబుల్ మీదికి ఎక్కించాను. ఆమెకి ఇష్టం లేదు, జనవరిలో చూడకుండానే రాశారు కదా అంది, ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. సిస్టర్ పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. బయట చర్మం ఎర్రగా కమిలిపోయి, గీరి గీరి మందంగా అయిపోయింది, మడతల్లో బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు. ఏం పెట్టి కడుగుతున్నావని అడిగితే మొదట చెప్పలేదు. తర్వాత ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి: పటిక నీళ్ళు, వేపాకు కాచిన నీళ్ళు, మార్చి నుంచి రోజుకి రెండుసార్లు గాయాలకి వాడే యాంటీసెప్టిక్ లోషన్, అది కూడా వేలితో లోపలిదాకా. ఆ చీలికల్లో సగం ఫంగస్ పని, సగం లోషన్ పని.

స్పెక్యులమ్, అంటే యోనిని తెరిచి చూసే పరికరం, పెట్టి చూస్తే గర్భాశయ ముఖద్వారం నున్నగా, శుభ్రంగా ఉంది. డిశ్చార్జ్ మాత్రం పుస్తకంలో రాసినట్టు పెరుగు తరకల్లా లేదు. పలచబడ్డ పాలలా ఉంది. వాసన లేదు. ఇక్కడే చాలామంది మోసపోతారు, పెరుగులా ఉంటేనే ఫంగస్ అనుకుంటారు.

తర్వాత చేసిన పరీక్షలకి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ కాగితం ముక్క, రెండు గాజు స్లైడులు, ఒక చుక్క సెలైన్, ఒక చుక్క పదిశాతం పొటాషియం హైడ్రాక్సైడ్, ఒక మైక్రోస్కోప్. ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తూ పీహెచ్‌ని 3.8 నుంచి 4.5 మధ్య పట్టి ఉంచుతుంది. మంచి బ్యాక్టీరియా తగ్గి వేరే బ్యాక్టీరియా పెరిగిపోయే బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌లోనూ ట్రైకోమోనాస్‌లోనూ అది సాధారణంగా 4.5 దాటుతుంది, ఫంగస్‌లో మామూలుగానే ఉంటుంది. ఈమెది 4.2 దగ్గర ఆగింది. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే చేపల వాసన రాలేదు. సెలైన్ స్లైడు మీద ఈదే ట్రైకోమోనాస్ లేవు, బ్యాక్టీరియా అంటుకుని అంచులు గరుకుగా కనపడే క్లూ సెల్స్ లేవు. రెండో స్లైడు మీద ఈస్టు ఉంది, మొగ్గలు తొడుగుతున్న చిన్న చిన్న గుండ్రని కణాలు, గుప్పెడు ఆవాలు చల్లినట్టు. కానీ కొమ్మల్లా సాగే తీగలు ఒక్కటి కూడా లేవు. మామూలుగా వచ్చే ఈస్టు రకం, క్యాండిడా ఆల్బికాన్స్ అయితే ఆ తీగలు కనపడాలి. స్లైడు మూడుసార్లు జరిపి చూశాను. తీగల్లేని ఈస్టు అంటే క్యాండిడాలోనే గ్లాబ్రేటా అనే ఇంకో రకం అని అనుమానించాలి, గ్లాబ్రేటాకి ఫ్లూకోనజోల్ సరిగ్గా పని చెయ్యదు. అప్పటికి ఆమె ఫ్లూకోనజోల్ మూడుసార్లు మింగేసి ఉంది, మొదటిది నాది. దూదిపుల్ల మీద డిశ్చార్జ్ తీసి కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో పెంచి ఏ రకమో చూడటానికి, పంపాను.

నాకు అర్థం కానిది ఇంకొకటి మిగిలింది. ఇంతకుముందు ఎప్పుడూ లేనిది డిసెంబర్ చివర్లో ఉన్నట్టుండి ఎందుకు మొదలైంది? "షుగర్ ఉందా?" అంటే "ఉంది, ఐదేళ్ళుగా, మాత్రలు వాడుతున్నా, కంట్రోల్‌లోనే ఉంది" అంది. వేలి మీద గుచ్చి చూస్తే 164. టిఫిన్ చేసి రెండు గంటలు అయింది, మరీ భయపడాల్సిందేం కాదు. సరే, మూత్రం పోస్తే మంట అంటోంది కదా అని మూత్ర పరీక్ష చేయించాను. గ్లూకోజ్ నాలుగు ప్లస్‌లు, అంటే చాలా ఎక్కువ.

ఇది కుదరని లెక్క. రక్తంలో చక్కెర దాదాపు 180 దాటితే గానీ మూత్రపిండాలు దాన్ని మూత్రంలోకి వదలవు. రక్తంలో 164 ఉన్న మనిషికి మూత్రంలో నాలుగు ప్లస్‌లు రావాలంటే ఏదో ఒకటి మూత్రపిండాల దగ్గర గేటు ఎత్తేసి ఉండాలి. "వాడే మాత్రలు చూపించు" అన్నాను. కూతురు బ్యాగులోంచి ప్లాస్టిక్ కవర్ తీసి టేబుల్ మీద కుమ్మరించింది: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీ మాత్ర, క్యాల్షియం, వాటి కింద సగం వాడిన డాపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాముల షీటు. ఎప్పటి నుంచి? "కార్తీక సోమవారాల టైములో మొదలుపెట్టారు." అంటే నవంబర్. నవ డిసెంబర్ చివర్లో.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చేసే పనే అది, చక్కెరను మూత్రంలోకి తోసెయ్యడం. 10 మిల్లీగ్రాముల మాత్రతో రోజుకి దాదాపు 70 గ్రాముల గ్లూకోజ్ మూత్రంలో పోతుంది, టీ చెంచాతో కొలిస్తే పద్నాలుగు చెంచాలు. కింద చర్మం రోజంతా తియ్యటి నీళ్ళలో తడుస్తూ ఉంటే ఈస్టుకి పండగ కాక ఇంకేంటి. ఈ మందుల వల్ల జననాంగాల దగ్గర ఫంగస్ రావచ్చని మందుతో వచ్చే కాగితంలోనే రాసి ఉంటుంది, ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ మొదటి పేటెంట్ 2020 అక్టోబర్‌లో ముగిసింది, ఆ తర్వాత చాలా కంపెనీలవి వచ్చి ధర బాగా పడిపోయింది, ఇప్పుడు చిన్న ఊళ్ళలో కూడా రాస్తున్నారు. మంచి మందు, అందులో అనుమానం లేదు, గుండెకీ మూత్రపిండాలకీ మేలు చేస్తుందని రుజువైంది. అందుకని ఇది చదివి ఎవరూ తమంతట తాము ఆపేయొద్దు. నేను చెప్పేది, ఇది వాడుతున్న ఆడమనిషికి నవ మొదలైతే ఆ సంగతి షుగర్ డాక్టర్‌కీ తెలియాలి, గైనకాలజిస్టుకీ తెలియాలి. ఈమె విషయంలో ఇద్దరికీ తెలియలేదు. షుగర్ డాక్టర్‌కి నవ సంగతి చెప్పడానికి సిగ్గు, నాకు మాత్రల సంగతి చెప్పలేదు ఎందుకంటే నేను అడగలేదు.

ఇంకో తంటా కూడా ఉంది. ఆ మాత్ర వల్ల మూత్రం ఎక్కువ వస్తుంది. బండి దగ్గర బాత్రూమ్ లేదు. తెల్లవారి నాలుగు నుంచి పన్నెండు దాకా మూత్రానికి వెళ్ళకూడదని ఆమె నీళ్ళు తాగడం మానేసింది. మూత్రం చిక్కబడి, ఆపుకుని, చుక్కలు కారి, లంగా తడిసి, ఆ తడి మీద ఇడ్లీ ఆవిరి చెమట. రోడ్డు పక్కన బండ్లు నడిపే ఆడవాళ్ళందరిదీ ఇదే కథ, డాక్టర్ చీటీలో దీనికి మందు రాయలేం.

కల్చర్ మూడో రోజు వచ్చింది. క్యాండిడా గ్లాబ్రేటా. దాని శాస్త్రీయ నామం ఈమధ్య మార్చారు, ల్యాబ్ రిపోర్టుల్లో మాత్రం ఇంకా పాత పేరే చూస్తున్నాను. షుగర్ ఉన్న ఆడవాళ్ళలో ఈ గ్లాబ్రేటా బాగా కనపడుతుందని, దానికి ఫ్లూకోనజోల్ కంటే బోరిక్ యాసిడ్ మేలుగా పనిచేసిందని ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు 2007లో ప్రచురించారు. చదువుకునేటప్పుడు చదివి మర్చిపోయిన సంగతి, ఆ రోజు పనికొచ్చింది.

చికిత్స ఇది. ఆమె షుగర్ డాక్టర్ గారికి ఫోన్ చేశాను, ఆయన విని "ఈ సంగతి నాతో ఒక్కసారి కూడా అనలేదండీ" అని, డాపాగ్లిఫ్లోజిన్ ఆపి వేరే మందు పెట్టారు. రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ చేయిస్తే 8.1, అంటే కంట్రోల్‌లో ఉందనుకోవడమే గానీ లేదు. బోరిక్ యాసిడ్ 600 మిల్లీగ్రాములు, జెలటిన్ క్యాప్సూల్‌లో నింపి, రాత్రి పడుకునే ముందు యోనిలో పెట్టుకోవాలి, 14 రాత్రులు. ఇది మింగితే విషం. గర్భిణులు వాడకూడదు, ఆమెకి ట్యూబెక్టమీ అయినా మూత్రంతో గర్భ పరీక్ష చేశాకే ఇచ్చాను. ఆ పద్నాలుగు రోజులు కలయిక వద్దన్నాను. కూతురు ఫోన్లో వెతికినట్టుంది, "బోరిక్ యాసిడ్ అంటే క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరే కదా మేడమ్, మా తమ్ముడి దగ్గర డబ్బా ఉంది" అంది. నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఆ డబ్బా జోలికి పోవద్దు, క్యాప్సూళ్ళు మా ఫార్మసిస్టు తూచి నింపి ఇస్తాడు, ఆ క్యాప్సూళ్ళ సీసా మీద పుర్రె బొమ్మ గీసి పిల్లలకి అందకుండా పెట్టుకోండి అని రెండుసార్లు చెప్పి పంపాను. డాక్టర్ చూడకుండా ఎవరూ మొదలుపెట్టాల్సిన మందు కాదిది.

కడగడం అంతా బంద్. పటిక, వేపాకు, లోషన్ ఏవీ వద్దు, బయట మాత్రం మామూలు నీళ్ళు చాలు, లోపల అసలు వేలు పెట్టొద్దు, యోని తనను తాను కడుక్కుంటుంది. చీలికలకి కొబ్బరినూనె. కాటన్ లోదుస్తులు, బండి దగ్గరికి ఒక మార్పిడి జత. భర్తకి నవా ఎరుపూ ఏమీ లేవు కాబట్టి ఆయనకి మందు ఇవ్వలేదు, ఫంగస్‌కి భాగస్వామికి కూడా మందు రాయాల్సిన పని సాధారణంగా ఉండదు. ట్రైకోమోనాస్ అయితే మాత్రం ఇద్దరికీ ఒకేసారి ఇవ్వాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

పదహారో రోజు వచ్చింది. మనిషి నడకే మారింది. నవ వారం లోపే సగానికి తగ్గిందట, చీలికలు మానాయి. నెల తర్వాత కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఆ రోజే గర్భాశయ ముఖద్వారానికి వీఐఏ పరీక్ష చేశాను, ఐదు శాతం ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేదే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూడటం, తెల్ల మచ్చ ఏదీ తేలలేదు. 43 ఏళ్ళు వచ్చినా, మూడు కాన్పులు అయినా, అది ఆమెకి మొదటి క్యాన్సర్ పరీక్ష. 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళకి ఐదేళ్ళకి ఒకసారి ఈ పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. క్యాన్సర్ వస్తుందని గర్భసంచి తీయమన్న చోట కూడా ఈ దూది పరీక్ష చెయ్యలేదు.

ఈ కేసు చెప్పాక బంధువులూ తెలిసినవాళ్ళూ ఫోన్లో అడిగేది ఒకటే, "ఏది మామూలు, ఏది కాదు?" అని. మామూలు డిశ్చార్జ్ రోజుకి ఒకటి నుంచి నాలుగు మిల్లీలీటర్లు ఉండొచ్చు, అంటే చిన్న చెంచాడు లోపే. నెల మధ్యలో అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలా జారుడుగా, తీగలా సాగుతుంది. నెలసరికి ముందు చిక్కబడి తెల్లగా అవుతుంది. బట్ట మీద ఆరితే లేత పసుపు మరకలా కనపడుతుంది, దాన్ని చూసి చీము అనుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు చాలామంది. గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. నవ, మంట, వాసన, నొప్పి లేకుండా ఇలా వస్తుంటే దానికి మందు లేదు, అవసరమూ లేదు. ఎముకలు కరిగి తెల్లబట్టగా పోతున్నాయని మా అమ్మమ్మ కాలం నుంచి అనుకుంటున్నారు, నా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లలు కూడా అదే అంటారు. కరగవు. నీరసంగా ఉంటే అది రక్తం తక్కువై కావచ్చు, హిమోగ్లోబిన్ చేయించుకోండి. "వేడి చేసింది" అని బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు తాగుతామంటే హాయిగా తాగండి, తిరుపతి ఎండలకి మంచిదే, కానీ నవ వాటితో పోదు.

డిశ్చార్జ్ రంగు పసుపో ఆకుపచ్చో అయి నురుగు కడుతున్నా, చేపల వాసన వస్తున్నా, పెరుగు తరకల్లా పడి నవ ఉన్నా, పుండ్లో నీటి పొక్కులో కనపడినా రెండు మూడు రోజుల్లో చూపించుకోండి. పొత్తికడుపు నొప్పీ జ్వరమూ డిశ్చార్జూ మూడూ కలిసి వస్తే ఆ రోజే వెళ్ళాలి, ఇన్ఫెక్షన్ పైకి గర్భసంచికీ ట్యూబులకీ పాకి ఉండొచ్చు. గర్భిణికి నీళ్ళలా కారుతుంటే తెల్లబట్టేలే అని ఇంట్లో కూర్చోవద్దు, ఉమ్మనీరు కావచ్చు, గంటల లెక్క అది. చిన్నపిల్లకి దుర్వాసనతో డిశ్చార్జ్ వస్తే దాచిపెట్టకుండా తీసుకురండి, ఒక ఆరేళ్ళ పాప లోపలి నుంచి నేను రబ్బరు ముక్క తీశాను. పిల్లను ఎవరైనా ఏమైనా చేశారా అనేది కూడా అక్కడే సున్నితంగా అడిగి చూడాలి. డబ్బుల ఇబ్బంది ఉంటే సర్కారు పెద్దాసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్షా క్లినిక్‌లో ఇలాంటివన్నీ ఉచితంగానే చూస్తారు, అక్కడికి వెళ్ళడం అవమానం అనుకోనక్కర్లేదు.

ముట్లుడిగిన తర్వాత వచ్చే డిశ్చార్జ్ గురించి మాత్రం కొంచెం గట్టిగా చెబుతాను. పాకాల వైపు నుంచి 61 ఏళ్ళ పెద్దావిడ వచ్చింది, ఎనిమిది నెలలుగా నీళ్ళలా పోతోందట, ఒక్కోసారి లేత గులాబీ రంగు, ఒక్కోసారి కుళ్ళిన వాసన. కోడలికి చెప్పుకోలేక పాత చీర ముక్కలు పెట్టుకుని రాత్రిపూట ఎవరూ చూడకుండా ఉతుక్కుంది. స్పెక్యులమ్ పెట్టగానే కాలీఫ్లవర్ లాంటి గడ్డ కనపడింది, తాకితే రక్తం. ముక్క పరీక్ష చేయించి తిరుపతిలోని స్విమ్స్ పెద్దాసుపత్రికి పంపాను. ఆమెకీ మొదట మెడికల్ షాపులో అదే నాలుగు మాత్రల కిట్ ఇచ్చారు. ముట్లు ఆగిపోయాక రక్తం కలిసిన డిశ్చార్జ్, ఏ వయసులోనైనా కలయిక తర్వాత రక్తం, వీటికి మాత్ర మింగి చూద్దాం అనేది ఉండకూడదు.

మళ్ళీ టిఫిన్ బండి ఆవిడ దగ్గరికి వద్దాం. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 7.2కి దిగింది. ఆగస్టులో మళ్ళీ వచ్చింది, ముఖం వేలాడేసుకుని "మళ్ళీ అదే మేడమ్" అంది. నాకూ గుండెలో రాయి పడింది, గ్లాబ్రేటా తిరగబెట్టడం మామూలే. క్యాప్సూళ్ళు మళ్ళీ రాయడానికి పెన్ను తీసి, జనవరి చీటీ గుర్తొచ్చి, పెన్ను కింద పెట్టి టేబుల్ ఎక్కమన్నాను. ఈసారి గొణగకుండా ఎక్కింది. చర్మం శుభ్రంగా ఉంది, ఎరుపు లేదు. డిశ్చార్జ్ పలచగా, బూడిద రంగులో, యోని గోడకి పూత పూసినట్టు ఉంది. పీహెచ్ కాగితం 5 దాటి రంగు మారింది. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వెయ్యగానే సిస్టర్ ముక్కు ముడిచింది. స్లైడు నిండా క్లూ సెల్స్. ఈస్టు ఒక్కటి లేదు. ఇది బ్యాక్టీరియల్ వెజైనోసిస్, వేరే జబ్బు, వేరే మందు. మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు ఉదయం, రాత్రి, ఏడు రోజులు. నవ ఉందా అని అడిగితే అప్పుడు ఆలోచించి, "లేదు మేడమ్, వాసనే, ఆయన దగ్గరికొచ్చిన రోజు ఇంకా ఎక్కువ" అంది. మరి అదే అని ఎందుకన్నావంటే "తెల్లబట్టే కదా" అంది.

ఎందుకొచ్చిందంటే, టీవీలో యాడ్ చూసి కూతురు ముచ్చటపడి ఆడవాళ్ళ కోసమని అమ్మే సువాసన ద్రవం సీసా ఒకటి కొనిచ్చింది, ఈమె దాన్ని బయట కాకుండా లోపల కూడా పోసి కడుక్కుంటోంది. పటిక పోయి సీసా వచ్చింది, అంతే తేడా. ఆ రోజు తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి ఒక కాగితం మీద నాలుగు గడులు గీసిచ్చాను: రంగు, వాసన, నవ, బహిష్టు అయి ఎన్నో రోజు. నాకు ఫోన్ చేసేముందు ఇవి నాలుగూ చూసుకుని చెయ్యమన్నాను.

అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది, వెనకాల పాత్రలు తోముతున్న చప్పుడు. "మేడమ్, గుడ్డులో తెల్లసొన మాదిరి సాగతా ఉంది, రంగు లేదు, వాసన లేదు, నవ లేదు, బహిష్టు అయి పద్నాలుగో రోజు. రావాల్నా, వద్దా?"

"వద్దు" అన్నాను.

"సరే మేడమ్, బండి కాడ పనుంది" అని పెట్టేసింది.